ఎవరికీ లోటు లేని ఖర్చు

మన ఇళ్ళల్లో డబ్బు రెండు దారుల్లో బయటికి పోతుంది. ఒకటి, చేత్తో లెక్కపెట్టి ఇచ్చేది. పాలామెకి, పేపరబ్బాయికి, నీళ్ళ డబ్బాల ఆటో అతనికి, కిరాణా కొట్టుకి ఇచ్చేది. రెండోది, మన చెయ్యి తగలకుండా ఖాతాలోంచి దానంతటదే పోయేది. మొదటి దారిలో పోయే ప్రతి రూపాయికీ మనం లెక్క అడుగుతాం. ఊరెళ్ళి రెండు రోజులు పాలు పోయించుకోకపోతే ఆ రెండు రోజులూ తీసేసే డబ్బులిస్తాం. అదే ఫోన్లో పాటల యాప్ నెలలో ఒక్కరోజు తెరవకపోయినా 99 రూపాయలూ పూర్తిగా పోతాయి. దానికి గుమ్మం లేదు, మొహం లేదు, "అమ్మా, నెలయింది" అని అడిగే గొంతూ లేదు.

ఈ మాట ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈ మధ్య మా ఇంట్లో కూర్చుని ఈ రెండో దారి లెక్క మొత్తం తీశాం. డబ్బు సంగతి ఎలాగూ తేలింది. దాంతోపాటు ఇంకొక సంగతి కూడా తెలిసింది. అది మీకు చెప్పాలనిపించింది.

ముందు మా ఇంటి సంగతి నాలుగు ముక్కల్లో. మాది వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊరు. మా ఆయన రోజూ బండి మీద కాశీబుగ్గ వెళ్ళి ఒక జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తారు. అమ్మాయి విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. మా అత్తమ్మ మాతోనే ఉంటుంది. ఆవిడకి క్రియాటినిన్ కొంచెం పెరిగిందని రెండేళ్ళ క్రితం తేలింది. అప్పట్నుంచి మూడు నెలలకోసారి పరీక్షలు, మందులు. ఉద్దానంలో పుట్టిన ఆడపిల్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. క్రియాటినిన్ అంటే ఏమిటో మా దగ్గర బడి మొహం చూడని వాళ్ళకి కూడా తెలుసు.

ఒకప్పుడు మాకు జీడితోట, కొబ్బరిచెట్లు ఉండేవి. ఉండేవి అని ఎందుకంటున్నానో ఇటువైపు వాళ్ళకి తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. పొద్దున్న లేచి చూస్తే ఏ తోట ఎవరిదో గుర్తుపట్టలేకపోయాం. మళ్ళీ మొక్కలు వేశాం. కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు ఆగాలి. ఇప్పుడిప్పుడే నాలుగు గెలలు కనిపిస్తున్నాయి.

తోట మీద బతికిన ఇళ్ళకి నెలజీతం లెక్క వేరేగా ఉంటుంది. జీడిపిక్కలు ఏడాదికోసారి, ఎండల్లో. కొబ్బరి దింపు రెండు నెలలకోసారి. మా అత్తమ్మ కాపురమంతా ఆ లెక్కలోనే నడిచింది. పిక్కలు అమ్మిన డబ్బుతో ఏడాది బియ్యం, పెళ్ళిళ్ళ చదివింపులు, పాత బాకీలు. కొబ్బరి డబ్బుతో ఉప్పూ పప్పూ. తోటకి నెల అంటే ఏమిటో తెలియదు. ఈ కొత్త సర్వీసులకేమో నెల తప్ప ఇంకేమీ తెలియదు. ఫ్యాక్టరీలో పని మందగించి మా ఆయన చేతికి తక్కువ డబ్బు వచ్చిన నెలలో కూడా అవి తమ వాటా తాము ముందే తీసేసుకుంటాయి. ఈ ఏడాది అమ్మాయి హాస్టల్ ఫీజు పెరిగింది, అత్తమ్మ మందులు పెరిగాయి. ఇంటికొచ్చే డబ్బు మాత్రం పెరగలేదు.

సరే, బ్యాంకుకి వెళ్ళి పాస్‌బుక్కులో మూడు నెలల ఎంట్రీలు వేయించుకొచ్చాను. ఫోన్లో చూసుకోవచ్చు కదా అన్నాడు మావాడు. కాగితం మీద పెన్సిలుతో గీత గీస్తూ చూస్తేగానీ నాకు లెక్క ఎక్కదు. మూడు నెలలూ ఒకే తేదీకి, ఒకే మొత్తం పోతున్నవన్నీ ఒక నోటు పుస్తకంలో రాశాను. కేబుల్‌కి 380. సినిమాల యాప్‌లు రెండు, ఒకటి 299, ఇంకోటి 149. పాటల యాప్ 99. అబ్బాయి ఎంసెట్ కోచింగ్ యాప్ 499. ఇంటి ఇంటర్నెట్. అందరి ఫోన్ల రీఛార్జీలు, అందులో మూడేళ్ళ క్రితం కాలం చేసిన మా మావయ్య గారి నంబరు కూడా ఉంది. వీటి పక్కనే చేత్తో ఇచ్చేవి కూడా రాశాను. పాలు, గ్యాసు, పేపరు, రోజుకొక నీళ్ళ డబ్బా.

దేన్ని తీసెయ్యాలి, దేన్ని ఉంచాలి? ధర చూసి తేల్చుకుంటే తప్పు తేలుతుంది. ఎక్కువైనది తీసెయ్యాలి అనుకుంటే మా ఇంట్లో ముందు పోవాల్సింది పాలు, ఆ తర్వాత నీళ్ళ డబ్బా! అందుకని నేను తిత్లీ రోజుల్ని కొలబద్దగా పెట్టుకున్నాను. తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. టీవీ లేదు, ఇంటర్నెట్ లేదు. ఆ రోజుల్లో దేనికోసం వెతుక్కున్నాం? తాగే నీళ్ళకోసం. ఫోను ఛార్జింగ్ కోసం, అది కూడా ఎక్కడెక్కడి మనవాళ్ళతో "బతికే ఉన్నాం" అని ఒక్క మాట చెప్పడానికి. అత్తమ్మ బీపీ మాత్రలకోసం. ఏది లేకపోతే ఎవరికి లోటు అన్నది ఆ రోజులు చాలా తేటగా చూపించాయి. అందుకే నోటు పుస్తకంలో ఒక్కో ఖర్చు పక్కన "లేకపోతే ఎవరికి లోటు?" అని రాసి, ఇంట్లో ఒక్కొక్కరినీ పిలిచి అడిగాను.

పాటల యాప్‌కి ఎవరూ రాలేదు. అందరం పాటలు వినేది యూట్యూబ్‌లోనే. కోచింగ్ యాప్ అడిగితే, కాలేజీలో ఇచ్చే మెటీరియలే పూర్తి చెయ్యలేకపోతున్నానమ్మా అన్నాడు మావాడు. 149 రూపాయల సినిమాల యాప్ ఏదో క్రికెట్ సిరీస్ కోసం పెట్టించుకున్నది, ఆ సిరీస్ అయిపోయింది. 299 యాప్ మాత్రం అమ్మాయి సెలవులకి వచ్చినప్పుడు అందరం కూర్చుని చూస్తాం. దాన్ని నెలనెలా కాకుండా సంక్రాంతికి ఒక నెల, వేసవిలో ఒక నెల వేసుకుంటే చాలనుకున్నాం.

కేబుల్ దగ్గర మాత్రం కథ వేరేగా నడిచింది. పిల్లలు, మా ఆయన ముగ్గురూ కేబుల్ తీసేద్దామన్నారు, ఇంటర్నెట్ ఉంది కదా అని. సీరియళ్ళు కూడా ఫోన్లో వస్తాయి కదా అన్నారు. అత్తమ్మని అడిగాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, "మద్దేన్నం ఒడియా పాటలొస్తాయి కదే, అవి సూస్తాను. మా సిన్నప్పుడు పాటలు" అంది. ఆవిడ పుట్టిల్లు ఇచ్ఛాపురం అవతల. చిన్నప్పుడు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. మేమందరం మధ్యాహ్నం ఎవరి పని మీద వాళ్ళం ఉంటాం కాబట్టి ఆ గంట సేపు ఇంట్లో ఏ భాష వినిపిస్తుందో ఎవరికీ తెలియదు. కేబుల్ ఉంచాం. కాకపోతే ప్యాకేజీ మార్చాం. 2019 ఫిబ్రవరి నుంచి ట్రాయ్ నిబంధనల ప్రకారం మనకు కావలసిన చానెళ్ళని మనం విడిగా ఎంచుకోవచ్చు. ఆపరేటరు ఇచ్చిన గుత్త ప్యాకేజీనే తీసుకోవాలని లేదు. అత్తమ్మకి నాలుగు తెలుగు చానెళ్ళు, ఒడియా పాటలు, వార్తలు. మిగతా ఆటల చానెళ్ళు, పిల్లల చానెళ్ళు తీసేస్తే 380 కాస్తా 230 అయింది.

మావయ్య గారి నంబరు సంగతి చెప్పాలి. మనిషే లేకపోయాక నంబరుకి రీఛార్జి ఎందుకు అన్నారు ఇంట్లో. న్యాయమైన మాటే. కానీ ఆ పాత బటన్ల ఫోను అత్తమ్మ దిండు పక్కనే ఉంటుంది. "మీ మావ నెంబరు తీసీకే అమ్మా. కొబ్బరికాయల బేరగాడు దానికే కదా ఫోను సేస్తాడు" అంది. నిజంగానే చేస్తాడు. పక్క ఊళ్ళ చుట్టాలు కూడా ఆ నంబరుకే చేస్తారు, మావయ్య పేరు చెప్పే పలకరిస్తారు. పైగా గ్యాసు బుకింగ్ ఆ నంబరు మీదే, బ్యాంకు మెసేజీలు ఆ నంబరుకే. మీ ఇంట్లో కూడా ఇలాంటి నంబరు ఉంటే ఒకటి గుర్తుంచుకోండి. రీఛార్జి ఆపేస్తే కొన్నాళ్ళకి ఆ నంబరు కంపెనీ ఇంకొకరికి ఇచ్చేస్తుంది. మన బ్యాంకు ఓటీపీ ఎవరో తెలియని మనిషి చేతికి పోతుంది. కాబట్టి ముందు బ్యాంకులో, గ్యాసు ఏజెన్సీలో, ఆధార్‌లో నంబరు మార్పించుకోవాలి. ఆ తర్వాతే ఆపడం. మేమైతే ఆపలేదు. మరణ ధ్రువీకరణ పత్రం పట్టుకెళ్ళి సిమ్ము అత్తమ్మ పేరు మీదకి మార్పించాం. ఇంటర్నెట్ అక్కర్లేని వాళ్ళకోసం మాటలకూ మెసేజీలకూ మాత్రమే ప్లాన్లు పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశమిచ్చింది. 2025 జనవరి నుంచి కంపెనీలు అవి పెట్టాయి. అందులోకి మారిస్తే నెలకు ఒక 50 రూపాయలు తగ్గింది, నంబరూ నిలిచింది.

రీఛార్జిల్లో ఇంకో చిన్న కిటుకుంది. మనం నెల అనుకునేది చాలా ప్లాన్లలో 28 రోజులే. ఏడాదిలో పన్నెండు నెలలుంటే మనం పదమూడు సార్లు కడుతున్నామన్నమాట. ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాను ఒకటైనా పెట్టాలని 2022లో ట్రాయ్ చెప్పింది. అడిగితే ఇస్తారు, అడగకపోతే 28 రోజులదే చూపిస్తారు. ఇంట్లో ఎలాగూ ఇంటర్నెట్ ఉంది కాబట్టి నాదీ మా ఆయనదీ చిన్న ప్లానులోకి మార్చాం. ఇద్దరిదీ కలిపి ఓ 100 మిగిలింది.

ఇప్పుడు తీసెయ్యడం ఎలాగో చెప్తాను. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, ఫోన్లోంచి యాప్ తీసేస్తే డబ్బు పోవడం ఆగదు. డబ్బు తీసుకోమని మనమిచ్చిన అనుమతి అలాగే ఉంటుంది. మీరు డబ్బులు పంపే యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటుకి వెళ్ళండి. మీరు ఎవరెవరికి అనుమతి ఇచ్చారో జాబితా కనిపిస్తుంది. అక్కడ రద్దు చెయ్యాలి. కార్డు మీద పోయేవైతే ఆ యాప్ ఖాతాలోకి వెళ్ళి, లేదా ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్లు అని ఉంటుంది, అక్కడ. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ఒకటి అమల్లో ఉంది. ఇలా దానంతటదే పోయే డబ్బుకి కనీసం 24 గంటల ముందు మనకి కబురు పంపాలి. వద్దనుకుంటే అప్పుడే ఆపుకోవచ్చు. ఆ కబురు ఇంగ్లీషులో వస్తుంది, లోన్ల మెసేజీల గుంపులో కలిసిపోతుంది. చదివిపెట్టమని పిల్లలకి చూపించండి. మొహమాటం అక్కర్లేదు.

వాడట్లేదు కదా అని తీసెయ్యకూడనివి కూడా ఉన్నాయి. మే నెలాఖర్లో బ్యాంకు ఖాతాలోంచి 20 రూపాయలు, 436 రూపాయలు పోతుంటాయి. మొదటిది ప్రధానమంత్రి సురక్షా బీమా, ప్రమాదానికి. రెండోది జీవన్ జ్యోతి బీమా, ఏ కారణంగా పోయినా ఇంటివాళ్ళకి 2 లక్షలు వస్తుంది. ఇవి వాడుకునే అవసరం రాకపోవడమే అదృష్టం. తుపాన్ల తీరంలో ఉండి వీటిని కొయ్యకూడదు. కాకపోతే రెండు బ్యాంకుల్లో ఖాతాలుంటే రెండు చోట్లా ప్రీమియం పోతుందేమో చూసుకోండి. రెండు చోట్ల కట్టినా జీవన్ జ్యోతి ఒక్క 2 లక్షలే ఇస్తుంది. మా ఆయనకి అలా రెండు ఖాతాల్లో పోతోంది. వాడని ఖాతాలోది ఆపించి, ఆ ఖాతా కూడా మూయించేశాం. దాంతో ఏడాదికోసారి పోయే కార్డు ఛార్జీ, మెసేజీల ఛార్జీ కూడా ఆగాయి.

ఇక నీళ్ళ డబ్బా. మా ఊళ్ళో 20 లీటర్ల డబ్బా 20 రూపాయలు. రోజుకొకటి, నెలకు 600. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఏ ఇంట్లో చూసినా ఈ ఖర్చు ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎన్ని బృందాలో వచ్చి మా నీళ్ళూ మట్టీ రక్తమూ పరీక్షలకి తీసుకెళ్ళాయి. ఇదీ కారణం అని అందరూ ఒప్పుకున్న మాట ఇంకా రాలేదు. కారణం తేలకపోయినా భయం తేలింది. బావి నీళ్ళు వదిలేసి డబ్బా నీళ్ళకి మారిపోయాం. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. అదే రోజు హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్ళు ఉద్దానానికి తెచ్చే 700 కోట్ల పథకం కూడా మొదలైంది. కుళాయి నీళ్ళతోనే సరిపెట్టుకునే ఇళ్ళున్నాయి, డబ్బా మానని ఇళ్ళున్నాయి. మాది మానని ఇల్లు.

పాస్‌బుక్కు, నోటు పుస్తకం పెట్టుకుని మేం తర్జనభర్జన పడిన వారంలో నేనొకటి గమనించాను. రోజుకొకటి అయిపోయే డబ్బాలో సాయంత్రానికి నాలుగైదు లీటర్లు మిగులుతున్నాయి. ఎండలు మండిపోతున్న రోజులవి. ఎవరు తాగట్లేదు అని చూస్తే అత్తమ్మ. చెంబులో సగమే పోసుకుంటోంది. అడిగితే "దాహం ఎయ్యట్లేదులే" అంది. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది. "డబ్బులెట్టి కొన్న నీళ్ళు కదే. అందరూ ఖర్చులు తగ్గించాలంటన్నారు. నాను ఇంకేటి తగ్గించగలను?"

ఆ మాటకి నాకు కాసేపు నోరు పెగల్లేదు. రోజుకి ఎన్ని నీళ్ళు తాగాలో డాక్టరు గారు లెక్క చెప్పి మరీ పంపిన మనిషి. కోచింగ్ యాప్‌కి పోయే 499 సంగతి ఆవిడకి తెలియదు. ఏటే, ఫోనుకి నెలనెలా డబ్బులు కట్టిస్తన్నారా, నానెరగను, అంది. ఇంట్లో ఎవరూ వాడని 499 అలా పోతూనే ఉంది, ఆవిడ మాత్రం తన చెంబు సగం చేసుకుంది.

అందుకే అంటున్నాను. పొదుపు అనే మాట ఇంట్లో వినిపించగానే ముందు తగ్గించుకునేది ఎక్కువ వాడేవాళ్ళు కాదు. నోరు లేనివాళ్ళు. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు. మనమూ అంతే కదా. మోకాలి నొప్పికి డాక్టరు దగ్గరికి వచ్చే నెల వెళ్దాంలే అంటాం. పండగ చీర వద్దంటాం. పేపరు మానేద్దామా అని నేనే అన్నాను నోటు పుస్తకం రాసేటప్పుడు. బీఏలో తెలుగు చదువుకున్న నాకు రోజు మొత్తమ్మీద నాదంటూ ఉండే అరగంట ఆ పేపరే. మా ఆయన పెన్సిలు తీసుకుని పేపరు పక్కన "లోటు – దీనికి" అని నా పేరు రాశారు. నాకు నవ్వొచ్చింది, కళ్ళమ్మట నీళ్ళూ వచ్చాయి.

లెక్క తేల్చి చెప్తాను. కేబుల్లో 150, సినిమాల యాప్‌లు రెండూ కలిపి 448, పాటల యాప్ 99, కోచింగ్ యాప్ 499, రీఛార్జిల్లో 100, మావయ్య నంబరు మీద 50. మొత్తం నెలకి 1,346 రూపాయలు. ఏడాదికి 16,152. సెలవుల్లో సినిమాల యాప్ వేసుకునే రెండు నెలలు తీసేసినా 15 వేలు దాటుతుంది. నీళ్ళ డబ్బాలకి ఏడాదికి 7,200 చొప్పున చూస్తే, రెండేళ్ళ నీళ్ళు. ఇంట్లో ఒక్కరికి కూడా లోటు లేకుండా మిగిలిన డబ్బు ఇది. ఈ లెక్క అత్తమ్మ ముందు పెట్టి చెప్పాను. "అమ్మా, నువ్వు చెంబు నిండా తాగు. నీ నీళ్ళు రెండేళ్ళకి ముందే కొనేశాం" అన్నాను. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "అంత డబ్బు ఆ ఫోనులోంచే పోయేదేటి?" అని ఆశ్చర్యపోయింది. ఇప్పుడు సాయంత్రానికి డబ్బా ఖాళీ అవుతోంది. నాకు అదే తృప్తి.

మిగిలిన డబ్బుకి పేరు పెట్టకపోతే అది మళ్ళీ ఎటో కరిగిపోతుంది. మా ఊరి పోస్టాఫీసులో నెలకు 1,200తో రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టాను. అయిదేళ్ళది. నోటు పుస్తకంలో దాని పేరు "అత్తమ్మ విశాఖ". పరీక్షలకి వెళ్ళాల్సివస్తే రైలు ఛార్జీలకీ మందులకీ ఎవరి దగ్గరా చెయ్యి చాపకూడదని.

మీరు కూడా ఈ నెలాఖర్లో ఓ గంట తీరిక చేసుకోండి. పాస్‌బుక్కు ప్రింటు వేయించండి. ఒకే తేదీకి ఒకే మొత్తం పోతున్నవి గీత గీయండి. ప్రతిదాని పక్కనా ఎవరికి లోటో రాయండి. ఏ పేరూ లేనివి ఆ రోజే ఆపెయ్యండి, రేపటికి పెట్టుకోవద్దు. అడగడం మాత్రం ఇంట్లో అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషితో మొదలుపెట్టండి. ఆ తర్వాత ఒకసారి మిమ్మల్ని కూడా అడుక్కోండి. మీ పేరు ఏ ఖర్చు పక్కనా లేకపోతే, ఒక్కదాని పక్కనైనా రాసుకోండి.